సాయిలు తాత అడిగి తెచ్చిన నీడ

మొన్న ఉదయం మా వీధి మలుపులో ఎవరింటికో శామియానా వేస్తున్నారు. ఇనుప మేకు మీద సమ్మెట పడుతున్న చప్పుడు మా వంటింట్లోకి వినిపించింది. కిటికీ తీశాను. ఎండకు వేడెక్కిన పాత డేరా గుడ్డ వాసన లోపలికి వచ్చింది. పొయ్యి మీద తాలింపు మాడిపోతున్నా అక్కడే నిలబడిపోయాను. నేను పెరిగింది ఆ వాసనలోనే. మా తాత సాయిలుకు తార్నాకలో సప్లయింగ్ కంపెనీ ఉండేది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ డేరాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే దుకాణం అది.

తాతది భువనగిరి పక్కన ఒక పల్లె. సేద్యం కలిసిరాక పట్నం వచ్చి, మొదట్లో పెళ్లివంటల దగ్గర అన్నం వండే పెద్ద పెద్ద గంజులు మోశాడట. తర్వాత తానే కొన్ని గంజులు కొన్నాడు. నాకు ఊహ తెలిసేసరికి లాలాపేట నుంచి నల్లకుంట దాకా ఎవరింట్లో శుభకార్యం జరిగినా ముందు సాయిలు దుకాణానికే కబురు వచ్చేది. మా నాన్నది రైల్వే ఉద్యోగం, ఊరూరా బదిలీలు. అందుకని నా చదువు తాత దగ్గరే సాగింది. నానమ్మకు కీళ్లవాతంతో వేళ్లు వంగేవి కావు. రోజూ బడికి వెళ్లే ముందు నాకు జడ వేసింది తాతే. గుంజకు తాడు బిగించే చేతులవి. ఆ జడ సాయంత్రానికి కూడా చెదిరేది కాదు. "తాతా, నొప్పి లేస్తున్నది" అని నేను మూలిగితే, "గాలికి నిలవాలె గద బిడ్డా" అనేవాడు.

ఆయన దగ్గర అన్నిటికన్నా అందమైనది ఎర్ర అంచు పెద్ద డేరా. ఒకసారి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక ప్రొఫెసర్ గారింటి పెళ్లికి దాన్ని వేశారు. మర్నాడు మాణికేశ్వర్ నగర్ నుంచి ఒక తాపీమేస్త్రీ వచ్చాడు, కూతురి పెళ్లికి ఏదైనా డేరా కావాలని. తాత ఎర్ర అంచు డేరాను బండికెత్తిస్తుంటే మేస్త్రీ కంగారు పడ్డాడు.

"మాకు పాతది చాలు సేటూ."

"పాతదెందుకు? నీ బిడ్డ లగ్గం పాతదా?" అన్నాడు తాత. తానే వెంట వెళ్లి, అంచు వంకర లేకుండా కట్టించి వచ్చాడు. వ్యాపారమంటే ఆయనకు అదే. ఎవరి గడప ముందు వేసినా డేరా నిటారుగా నిలబడాలి.

1969 వేసవిలో యూనివర్సిటీ అంతా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో అట్టుడికిపోయింది. కాలేజీలు మూతపడ్డాయి. తార్నాక వైపు రోడ్డు పక్కన విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. తాత ఎవరూ అడగకముందే ఎర్ర అంచు డేరా తీసుకెళ్లి వాళ్ల తలల మీద వేయించాడు. "మన పిల్లలకు నౌకరీలు రావాలె. గంత చదివి ఇంట్ల కూసుంటరా?" అనేవాడు. ఆ ఉద్యమం ఆయనకు న్యాయమైనదే. అందులో ఆయనకు రెండో ఆలోచన లేదు.

ఒక బంద్ రోజు పొద్దున సూర్యనారాయణ గారు దుకాణానికి వచ్చారు. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్. కోస్తా నుంచి వచ్చి మా పక్క వీధిలో అద్దెకుండేవారు. కాళ్లకు చెప్పులు లేవు.

"మా అమ్మ పోయిందండి" అన్నారు. "ఇంటి యజమానులు శవాన్ని లోపల ఉంచనివ్వలేదు. గేటు బయట పడుకోబెట్టాం. అన్నయ్య గుంటూరు నుంచి సాయంత్రానికి గానీ రాడు. అప్పటిదాకా ఆ ఎండలో..."

పెళ్లిళ్ల కాలం. తక్కిన డేరాలన్నీ మౌలాలి అవతలి పల్లెల్లో ఉండిపోయాయి. బంద్‌ల వల్ల లారీలు తిరగడం లేదు. పనివాళ్లూ రాలేదు. తాత ఒక్క క్షణం ఖాళీ గోడ వైపు చూశాడు. "మీరు తల్లి తాన ఉండున్రి సార్. నేనొస్త" అని ఆయన్ను పంపి, తోపుడుబండి తీశాడు. ఒక పక్క నేను పట్టుకున్నాను. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. బండి దీక్షా శిబిరం ముందు ఆగాక గానీ నాకు అర్థం కాలేదు.

చాపల మీద విద్యార్థులు వాడిన మొహాలతో పడుకొని ఉన్నారు. తాతను చూసి ఒకరిద్దరు లేచి కూర్చున్నారు.

"పిల్లలూ, గీ డేరా నాకు సాయంత్రం దాక కావాలె" అన్నాడు తాత.

"నీదే గద తాతా, అడుగుడేంది?" అన్నాడొకడు నవ్వుతూ.

చేతికి కట్టు కట్టుకున్న కుర్రాడు మాత్రం, "ఎవరింటికి?" అన్నాడు.

ఏదో ఒక పేరు చెబితే అయిపోతుంది కదా అనుకున్నాను. తాత మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు.

"సూర్యనారాయణ సారింటికి. అవును, ఆంధ్ర నుంచి వచ్చిన సారే. ఆయన తల్లి సచ్చిపోయింది. ఇంటోళ్లు లోపట పెట్టనియ్యలే. గేటు బయట ఎండల ఉన్నది. నా తాన ఇంకో డేరా లేదు. డేరా నాదే గని, నీడ మీకిచ్చిన. అందుకే అడుగుతున్న. వద్దంటే మర్లిపోత."

"నా దోస్తు లాఠీ దెబ్బకు తలకాయ పగిలి దవాఖానల ఉన్నడు" అన్నాడా కుర్రాడు. "మా మీద ఎవలన్న జాలి పడ్డరా తాతా?"

"నిజమే బిడ్డా" అన్నాడు తాత. బండి పట్టుకొని నిలబడ్డాడు.

చివరికి వెనక వరుసలో పడుకున్న ఒక బక్కపల్చని విద్యార్థి, అందరికన్నా నీరసంగా ఉన్నవాడు, గుంజ పట్టుకొని లేచాడు. "మా నాయిన పొద్దుందాక చెల్కల్నే దున్నుకుంట ఉంటడు. ఎండ మనకు కొత్తనా?" అంటూ తాడు విప్పసాగాడు. అతని వెంట మరొకరు, ఆపైన ఇంకొందరు. కట్టు కట్టుకున్న కుర్రాడు కదల్లేదు. మొహం పక్కకు తిప్పుకొని, మీద పడుతున్న ఎండలోనే కూర్చున్నాడు. దారిలో నేను అతని గురించి ఏదో అనబోతే తాత నన్ను ఆపాడు. "వాని దుఃఖం వానిది. తప్పు పట్టొద్దు."

"వేరే పేరు చెప్తే అయిపోతుండె గద తాతా?"

"డేరా దొరుకుతుండె బిడ్డా. గని వాళ్లు ఇచ్చినట్టు కాకపోతుండె."

సూర్యనారాయణ గారి గేటు ముందు డేరా లేచింది. తెల్లటి చీరలో ఆ పెద్దామె మొహం మీదికి నీడ జరిగింది. ఆయన తలెత్తి ఆ ఎర్ర అంచును గుర్తుపట్టారు. రోజూ ఆ శిబిరం ముందు నుంచే వెళ్లేవారు.

"ఇది... వాళ్లు ఇచ్చారా?"

"మీ విద్యార్థులే సార్" అన్నాడు తాత.

ఆయన శిబిరం ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించారు. అప్పటిదాకా తలుపులు వేసుకున్న ఇరుగుపొరుగు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఒకావిడ నీళ్లబిందె తెచ్చి పెట్టింది.

తాత అక్కడ ఆగలేదు. నన్ను ఇంటి దగ్గర దింపి, తాను తిరిగి శిబిరానికి వెళ్లి ఆ పిల్లల మధ్య కూర్చున్నాడు. తలకు రుమాలు కూడా చుట్టుకోలేదు. సాయంత్రం గుంటూరు నుంచి అన్నగారు వచ్చి, పాడె కదిలాక, డేరాను మళ్లీ శిబిరానికి చేర్చి గానీ ఇంటికి రాలేదు. మెడా భుజాలూ కమిలిపోయి ఉన్నాయి. నానమ్మ వెన్న రాస్తూ ఒకటే తిట్టింది.

"ఈ వయసుల గా ఎండకు కూసుంటివి, నీకేమన్న పిచ్చా?"

"వాళ్ల నీడ నేను తీస్కపోయిన. మల్ల నేను నీడపట్టున కూసుంటనా?"

నానమ్మ గిన్నెలోంచి ఇంకాస్త వెన్న తీసుకుంది. నేను తాత పక్కనే కూర్చొని ఆ కమిలిన భుజాల వైపు చూస్తూ ఉండిపోయాను. ఈయన మా తాత అని వీధి వీధికీ వెళ్లి చెప్పాలనిపించింది.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. చాలా ఏళ్లు లాలాపేటలో ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నాను. ఎవరినైనా ఏదైనా అడగవలసి వస్తే, అందులో కష్టమైన మాటను ముందే చెప్పడం నాకు అలవాటైంది. ఒక వానాకాలం బస్తీలో చిన్న బడి కప్పు కూలిపోయింది. ఆ పిల్లలను మా తరగతుల్లో కూర్చోబెట్టుకుందామని మా బడి పిల్లల తల్లిదండ్రులను పిలిచాను. తియ్యగా మాట్లాడి ఒప్పించమని తోటి టీచర్లు చెప్పారు. నేను లేచి, "ఇరుకవుతుంది. మీ పిల్లలకు ఇబ్బందే. ఎంతకాలమో నాకూ తెలియదు. అయినా అడుగుతున్నాను" అన్నాను. కొందరు కోపంగా లేచి వెళ్లిపోయారు. వాళ్లను నేనేమీ అనలేదు. మర్నాడు బస్తీ పిల్లలు తడిసిన సంచులతో గుమ్మంలో నిలబడితే, మా పిల్లలు బెంచీల మీద ఒకరికొకరు దగ్గరగా జరిగి చోటిచ్చారు.