చివరి స్టాప్ లేని ట్రామ్

ఆ రోజుల్లో నాకు తెలిసిన దోహా అంతా నాన్న కారు కిటికీలో పట్టేది. మెసైమీర్‌లోని మా ఇంటికి ఎదురుగా కనిపించే కూరగాయల కొట్టుకు కూడా కారులోనే వెళ్ళేవాళ్ళం. నడిచి వెళ్తే తెలిసినవాళ్ళు ఆగి, "కారు పాడైందా?" అని పరామర్శించేవారు. అలాంటి ఊళ్ళో మూడు చోట్ల ట్రామ్‌లు వచ్చాయని మా తెలుగు కుటుంబాలన్నీ తెగ గర్వపడేవి. ఇండియా నుంచి చుట్టాలొస్తే కారు పక్కన ఆపి, ట్రామ్ ముందు నిలబెట్టి ఫోటోలు తీసేవి. ఎక్కేవాళ్ళు మాత్రం లేరు. (ఎక్కుదామని నేనొకసారి అడిగితే మా పిన్ని, "ఎక్కి ఎక్కడికి వెళ్తామే? మళ్ళీ కారు దగ్గరికేగా!" అంది.)

అప్పుడే పర్యాటకుల కోసం ఇంగ్లీషులో చిన్న పుస్తకాలు వేసే కంపెనీలో చేరాను. ప్రొబేషన్ ఇంకో వారంలో ముగుస్తుందనగా మా మేనేజరు (ప్రతి మాటకీ అరబ్బీలో యల్లా, అంటే 'ఊఁ, కానివ్వు' అంటారు కాబట్టి మాకు యల్లా సార్) ట్రామ్‌ల మీద రెండు పేజీలు రాయమన్నారు. "ఇది బాగుంటే నీ ఉద్యోగం ఖాయం. లేకపోతే, అరబ్బీలో చెప్పాలంటే మాఫీ, ఇక లేనట్టే. చరిత్ర కావాలమ్మా! చదువుతుంటే తాతముత్తాతలు కనబడాలి!" నేను తలూపాను. (నాకొచ్చిన ఆఫీసు భాష అదొక్కటే.) తీరా వెతికితే ఆ ట్రామ్‌ల వయసు నా చిన్నప్పటి డైరీల వయసు కన్నా తక్కువ. వేరే నగరాలు పట్టాలు పీకి తారు పోసుకున్నాయి. మా నగరం ముందు తారు పోసుకుని, ఇంటికి నాలుగు కార్లు కొన్నాక తీరిగ్గా పట్టాలు వేసుకుంది. పాత బజారు దగ్గరి ట్రామ్‌కైతే పుట్టుకతోనే ముసలి వేషం వేశారు.

చరిత్ర దొరకలేదు కనుక ఆ ముసలి వేషం ట్రామ్‌నే మొదటి స్టాప్ నుంచి చివరి స్టాప్ దాకా చూసి రాద్దామని, జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఎక్కాను. అందరూ దిగుతున్నారు, కొత్తవాళ్ళు ఎక్కుతున్నారు, చివరి స్టాప్ మాత్రం రాదు. ఎవరినైనా అడగాలంటే సిగ్గు. నాన్న ఫోన్ చేస్తే, "ఇంకా చివరి స్టాప్ రాలేదు నాన్నా," అన్నాను గుసగుసగా. వెనక సీటులోంచి ఎవరో పగలబడి నవ్వారు. డ్యూటీ దిగి అప్పుడే ఎక్కిన సెక్యూరిటీ గార్డు. ఆయనది జగిత్యాల.

"ఏం చెల్లె! నా స్టాపు ముంగట నాలుగుసార్లు పోయినవ్. గిది గుండ్రంగ తిరిగే బండి. దీనికి చివర మాఫీ!"

నా అవస్థ విని ఆయనే చరిత్ర చెప్పాడు. "ఈ పట్టాలకు మట్టి తవ్వింది మేమే. నాలుగు ఎండకాలాలు గీ మూల మీదనే పన్జేసిన. ఇప్పుడు గిక్కడనే కాపలా. నేను తవ్వినదాన్ని నేనే ఎవరూ ఎత్కపోకుండ చూస్తున్న! నా పేరు రాస్తవా చెల్లె?"

రాస్తానన్నాను. ఆ రాత రాస్తుంటే నిజంగానే సంతోషమేసింది.

యల్లా సార్ చదివి, "మట్టి తవ్వినవాళ్ళ గోల పర్యాటకులకెందుకమ్మా? యల్లా, తీసెయ్. ఆ చోట 'తరతరాల వైభవం' అని పెట్టు," అన్నారు. పెట్టాను. ఉద్యోగం ఖాయమైంది.

పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ ఇవ్వడానికి ఆ స్టాప్‌కి వెళ్ళాను, నిజం చెప్పేద్దామనే. ఆయన చేతులు తుడుచుకుని అందుకున్నాడు. "నాకు ఇంగ్లీష్ రాదు చెల్లె. నా పేరేడుంది?" అని అడిగాడు. నా వేలు నేరుగా 'తరతరాల వైభవం' మీదికి వెళ్ళింది. ఆయన అక్కడికక్కడే ఫోటో తీసి ఇంటికి పంపాడు. నిమిషంలో ఫోన్‌లోంచి ఒక ఆడపిల్ల కేక: "అమ్మా! దుబాయ్ పుస్తకంల బాపు పేరొచ్చింది!" (వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.)

ఆ స్టాప్‌లో ఇప్పుడు వేరే గార్డు ఉంటాడు. అటు వెళ్ళినప్పుడల్లా అప్పటి నన్ను తలుచుకుని నవ్వుకుంటాను. మేనేజరు ముందు నోరు పెగలని సిగ్గరి, ఆ అన్న ముందు మాత్రం ఎంత చక్కగా అబద్ధమాడింది!