భలే పోయిందండీ!

బెంజ్ సర్కిల్ దగ్గర కంప్యూటర్ నెట్‌వర్కింగ్ నేర్చుకునే రోజుల్లో, పామర్రు నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి నా పక్కన కూర్చునేది. నెట్‌వర్క్ ఆగిపోతే మాకందరికీ గుండె జారేది. ఆమె మాత్రం "భలే పోయిందండీ!" అని సంబరంగా నవ్వి, తప్పెక్కడుందో వెతికేది. ఆ నవ్వంటే నాకు ఒళ్లుమంట.

ప్రాక్టికల్ పరీక్షలో మా ఇద్దరినీ జతచేశారు. సరిగ్గా ఎగ్జామినర్ ముందే కనెక్షన్ పోయింది. నేను గబగబా వైర్లు పీకి మళ్లీ పెట్టాను. ఆమె అదే మాట అని నవ్వింది. ఆయనా నవ్వి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. నావైపు చూడనైనా చూడలేదు.

తీరా రాతపరీక్షతో కలిపి చూస్తే మార్కులు నాకే ఎక్కువొచ్చాయి. ఆమె పరుగున వచ్చింది.

"ఫస్టు మీరేనటగా! స్వీట్లేవండీ?"

ఆ గొంతులో రవ్వంత కుళ్లయినా ఉంటుందేమోనని ఆశగా వెతికాను. లేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.