మా ఇంటి జానెడు

వరంగల్ కాశిబుగ్గలో మా గల్లీకి వసంతం ముందుగా ఫోన్లలోనే వస్తుంది. హోలీ రంగులు గోడల మీద ఇంకా చెరిగిపోకముందే గల్లీ వాట్సాప్ గ్రూపులో మెసేజులు మొదలవుతాయి. చలివేంద్రానికి కుండలు ఎవరు తెస్తారు, ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరిది, పందిరికి కొబ్బరి మట్టలు ఎప్పుడొస్తాయి అని. వేపపువ్వు తెస్తామని ఏడెనిమిది మంది చెయ్యెత్తుతారు. తెచ్చేది మాత్రం నేను. మా తల్లిగారి ఊరు వర్ధన్నపేట అవతల కాబట్టి, వేపచెట్లన్నీ నా పేరనే రాసి ఉన్నాయని వీళ్ల నమ్మకం.

శ్రీరామనవమి పందిరి ఏ గల్లీలోనైనా ఉంటుంది. మా గల్లీలో ఇంకో పద్ధతి ఉంది. కల్యాణానికి సీతమ్మ చీర మేం కొనం. ఉగాది నాడు మగ్గం మీద పసుపుపచ్చని నిలువుదారాల పడుగు ఎక్కిస్తాం, నవమి ముందు రోజుకల్లా చీర దిగాలి. ఇంటికొక జానెడు చొప్పున గల్లీ అంతా కలిసి నేస్తుంది. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడేదట. ఇప్పుడు గల్లీ చివర, మేమంతా తాత అని పిలిచే ఒక్క ముసలాయన ఇంట్లోనే ఆడుతోంది. అయినా ఆటో నడిపేవాళ్లూ, బ్యాంకులో చేసేవాళ్లూ, టిఫిన్ సెంటర్ పెట్టుకున్నవాళ్లూ తమ ఇంటి జానెడు నేయడానికి స్నానం చేసి మరీ వస్తారు. చేతకానివాళ్ల పక్కన తెలిసినవాళ్లు నిలబడి చెయ్యి పట్టి నేయిస్తారు.

నలభై ఏళ్లుగా అలా చెయ్యి పట్టి నేయించింది మా అత్తమ్మ. ఉగాది నాడు మొదటి జానెడు కూడా ఆమెదే. ఆమె కూర్చున్నాకే మిగతావాళ్లు కూర్చుంటారు.

నాకు నేత రాదు. పత్తి పండించిన ఇంట్లో పుట్టి నేసే ఇంటికి వచ్చాను, అంతే. కోడలిగా వచ్చి పద్దెనిమిదేళ్లయినా నేసేవాళ్లు కూర్చునే మగ్గం గుంతలో కాలు పెట్టలేదు. అత్తమ్మ ఉండగా నాకెందుకు అనుకున్నాను. నాకు వచ్చిందల్లా రాట్నం మీద కండెలు చుట్టడం. కండె అంటే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట. నాడె పడుగులో అటూ ఇటూ ఉరుకుతుంటే అందులోంచి అడ్డదారం, అంటే పేక, వదులుతూ పోతుంది. మా ఇంటి జానెడుకు రెండు కండెలు పడతాయి.

రెండేళ్ల కింద అత్తమ్మకు చూపు తగ్గడం మొదలైంది. దవాఖానలో నీటికాసులు అన్నారు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఆపడానికి చుక్కలు వేసుకోవాలని చెప్పారు. చుక్కలు వేశాం. ఈ ఏడు హోలీ నాటికి ఆమెకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చూపు మందగించిందని మాత్రం గల్లీకి తెలుసు. ఇంట్లో మాత్రం గోడ పట్టుకుని నడవడం, చాయ్ గ్లాసు కోసం గాలిలో వెతకడం నేను చూస్తూనే ఉన్నాను.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా పందిరి కమిటీ పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. ఆయనది గల్లీ మొదట్లో కిరాణా దుకాణం. వరస కలవకపోయినా నేను అన్నా అని పిలుస్తాను, అత్తమ్మను ఆయన చిన్నమ్మా అంటాడు. చెడ్డవాడేం కాదు, కానీ నోటికి తాళం లేదు. అత్తమ్మ అరుగు మీద చింతపండు ఒలుస్తోంది. ఆయన వాకిట్లోనే నిలబడి నాతో అన్నాడు:

"ఈసారి చిన్నమ్మతోని నాడెకు జర చెయ్యి తగిలిద్దాం. మిగిలింది ఇంకెవలన్న నేస్తరు. మొదట్లనే చీర ఖరాబైతే సీతమ్మకు ఏం కడ్తం చెప్పు?"

చూపు పోయినవాళ్లకు చెవులు కూడా పోతాయని కొందరి లెక్క. అత్తమ్మ తలెత్తలేదు. చింతపండు ఒలుస్తూనే ఉంది. గింజలు వేరే గిన్నెలో వేయాల్సింది, పండుతో పాటే వేసేసింది.

ఆ మధ్యాహ్నం పళ్లెంలో సగం అన్నం వదిలేసింది. మర్నాడూ అంతే. ఏమైందని అడిగితే ఆకలి లేదంది. మగ్గం మాట ఎత్తలేదు. ఏడాదంతా ఆమె దేనికీ ఎవరినీ బతిమాలదు, మందుబిళ్ల కూడా అడగదు. ఆ మొదటి జానెడు ఒక్కటే తనదని అనుకునేది. అది కూడా తీసేస్తున్నారు. 

బెల్లం కొనే సాకుతో దుకాణానికి వెళ్లాను.

"ఆమె చెయ్యి పట్టి నేయించకపోతే నీకు నాడె ఏ చేత్తోని పట్టుకోవాల్నో తెలిసేదా అన్నా?" అన్నాను.

దుకాణంలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆయన చేతిలోని తూకం రాయి పక్కన పెట్టాడు. "కోపం జెయ్యకు. చీర కోసం అన్న" అన్నాడు.

"చీరకు ఏమన్నయితే నా జిమ్మ. ఎప్పటి లెక్కనే మా అత్తమ్మ కూసుంటది."

అంత మాట అన్నాక భయం పట్టుకుంది. ఎలా నేస్తుందో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ సాయంత్రం రెండు కండెలూ కుదురుగా చుట్టాను. చుట్టింది విప్పి మళ్లీ చుట్టాను. అత్తమ్మ పక్కన కూర్చుని రాట్నం చప్పుడు వింటోంది. "అన్న ఒప్పుకున్నడు అత్తమ్మా" అన్నాను.  ఆ రాత్రి ఆమె పళ్లెం ఖాళీ చేసింది.

ఉగాది పొద్దున పచ్చడి పంచడం అయ్యాక అందరం తాత ఇంటికి చేరాం. మగ్గం గదిలో పట్టినంతమంది లోపల, మిగిలినవాళ్లు కిటికీ దగ్గర. కమిటీ అన్న గడప మీద నిలబడ్డాడు. అత్తమ్మ నా భుజం మీద చెయ్యేసి వచ్చి, మగ్గం దగ్గర చెయ్యి తీసేసింది. గుంతలోకి తనే దిగింది. పడుగు మీద అరచేత్తో ఒకసారి నిమిరింది. మొదటి కండె నాడెలో పెట్టుకుంది, రెండోది ఆమె కుడిచేతి పక్కన పెట్టి నేను వెనక్కి జరిగాను.

నేత మొదలైంది. నాడె అటు, పేకను బిగించే పలక దెబ్బ, నాడె ఇటు, మళ్లీ దెబ్బ. ఆ చేతులకు కళ్లతో పనేం ఉంది? పేక మీద పేక పడి పసుపుపచ్చని బట్ట కనిపించసాగింది. కిటికీలోంచి ఎవరో "అబ్బ" అన్నారు. నేను అన్న వైపు గర్వంగా చూశాను. ఆ చూపుకు నాకు వెంటనే శిక్ష పడింది.

అర జానెడు బట్ట దిగేసరికి కండె అయిపోయింది. దారం కొస జారిపోయింది. నాడె ఖాళీగా పోయి ఖాళీగా వస్తోంది. దెబ్బ మీద దెబ్బ పడుతోంది, బట్ట పెరగడం లేదు.

గదిలో అందరూ చూశారు. నేసే ఇళ్లలో పుట్టినవాళ్లు, వాళ్ల కళ్లకు అది ఎలా తప్పుతుంది? "కండె అయింది" అని ఎవరైనా అంటే ఒక్క క్షణం పని. రోజుకు పదిసార్లు అనుకునే మాట అది. కానీ ఆ రోజు ఆ మాట అంటే, చిన్నమ్మా నీకు కనబడటం లేదు అన్నట్టే. అన్న గడప మీదే ఉన్నాడు. ఆయన ముందు ఆ మాట నా నోట రాలేదు. ఇంకెవరి నోటా రాలేదు. తాత తల దించుకున్నాడు. పిల్లలు నోరు తెరవబోతే తల్లులు నొక్కేశారు. అత్తమ్మ నేస్తూనే ఉంది. ఒంటి మీద చెమట, ముఖంలో ఎప్పటి శ్రద్ధే. నాకు ఏడుపు ఆగడం లేదు, ముక్కు చీదితే తెలిసిపోతుందని నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఒక జానెడుకు పట్టేంత సేపు అలా నేసింది. తర్వాత పలక ఆపి "అయింది" అంది.

"శభాష్ చిన్నమ్మా" అన్నాడు అన్న. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. ఆయన కళ్లు నా కళ్లతో కలవలేదు. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ చప్పట్లతో పోయింది. అత్తమ్మ పైకి వచ్చింది, పక్కింటి వదినె దిగి కొత్త కండె వేసుకుని తన జానెడు మొదలుపెట్టింది.

సాయంత్రం తాత మా ఇంటికి వచ్చాడు. వాడని రెండో కండె నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నేను దాన్ని గబుక్కున చీర కుచ్చెళ్లలో దాచుకున్నాను.

"కండె ఇచ్చిపోయిండా?" అంది అత్తమ్మ అరుగు మీదినుంచి.

నేను కుచ్చెళ్లలోంచి కండె బయటికి తీశాను.

"పేక లేని దెబ్బ గట్టిగ మోగుతది బిడ్డా. నాకు తెల్వదా? నాకు తెలిసేసరికి ఆరేడు దెబ్బలు పడ్డయి. అప్పుడు ఆగితే ముసల్దానికి కనబడుతలేదని తేలిపాయె. ఎవలన్న చెప్తరేమో అని చూసిన. ఎవలు చెప్పలే. మీరంత నా కోసం నోరు మూసుకున్నరు. ఇగ మీ కోసం నేను నేసిన."

నేను ఆమె మోకాళ్ల దగ్గర కూర్చున్నాను. తప్పయింది అత్తమ్మా అన్నాను. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.  నా ముందు ఆమె అంత ఓడిపోయినట్టు ఎప్పుడూ కూర్చోలేదు. ఆమె అంటే నాకు ఎంత ఇష్టమో నాకే అప్పుడు తెలిసింది.

"మన ఇల్లు అర జానెడే నేసింది" అంది చివరికి. "ఆ మిగిలింది బాకీ ఉంటె నాకు నిద్ర పట్టదు. ఆఖరుకు, కొంగు అంచుకు జాగ ఉంటది. నువ్వు కూసోవాలె."

"నాకు రాదు గదా. మళ్ల నువ్వే కూసో. ఈసారి కండె నేను మార్పిస్త."

"నేను కూసున్న. అయింది అని చెప్పిన. అందరు చప్పట్లు గొట్టిండ్రు. ఇగ నేను దిగ. ఇది నీ ఇల్లు గాదా?"

నేను తాతను అడిగాను. ఆయన అదే ఎదురుచూస్తున్నట్టు తలూపాడు.

నవమికి రెండు రోజుల ముందు, అన్ని ఇళ్లవీ అయ్యాక, నేను గుంతలో కాళ్లు పెట్టాను. అత్తమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. నా చెయ్యి పట్టుకోలేదు, చప్పుడు మాత్రం విన్నది. "మెల్లగ." "ఎడమ కాలు." "దారం గుంజినవ్, వదులు." ఆమె పది నిమిషాల్లో చేసే పనికి నాకు పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. నాడె నాలుగుసార్లు కింద పడింది. చూడ్డానికి వచ్చినవాళ్లు సీతమ్మ పెండ్లి వచ్చే ఏటికి వాయిదా వేద్దామా అని ఆటపట్టించారు. కండె సగంలో ఉండగా అత్తమ్మ మధ్యలో ఆపి, మొదటి నుంచి చూసుకొమ్మంది. చూసుకుంటే అంచు లోపలికి గుంజుకుపోయి ఉంది. ఒక చోట నడుములా సన్నబడింది. విప్పుదామన్నాను. విప్పితే పడుగు తెగుతుందని తాత వద్దన్నాడు. అలాగే ముగించాను.

నవమి రోజు చీరను పందిరికి తీసుకుపోయే ముందు పళ్లెంలో పెట్టి గల్లీ అంతా తిప్పుతారు. ప్రతి గడపా కళ్లకు అద్దుకుంటుంది. డప్పులు మోగుతున్నాయి, ముహూర్తం దగ్గర పడుతోంది. మా గడప దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ రెండు చేతులూ చాచింది. కళ్లకు అద్దుకుని వదల్లేదు. మడత విప్పి కొంగు అంచు పట్టుకుంది. బొటనవేలు అంచు మీద మెల్లగా జరుపుతూ పోయింది. వెనక జనం ఆగిపోయారు. అన్న తొందరపెడతాడనుకున్నాను, ఆయన డప్పులవాళ్లను ఆగమన్నాడు.

సన్నబడిన చోట వేలు ఆగింది.

"ఇగో. ఇది మా ఇంటిది" అంది.

పళ్లెం పట్టుకున్నది కల్యాణం చేయించే అయ్యగారి భార్య. చీర కట్టేది ఆవిడే. నాకు సిగ్గేసి, "ఆ ముక్క మడతల్లోకి పొయ్యేటట్టు కట్టండమ్మా" అన్నాను. ఆవిడ సరేనంది.

"వద్దు" అంది అత్తమ్మ. గొంతు పెద్దది చేసింది, గల్లీ అంతా వినేలా. "భుజం మీదికి రావాలె. నా కోడలు నేసింది."

పందిట్లో ముందు వరుసలో ఆమెను కుర్చీ వేసి కూర్చోబెట్టాను. తెర తీశారు. తలంబ్రాలు పడ్డాయి. చుట్టూ అందరూ అక్షింతలు విసురుతున్నారు, ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్నారు. ఆమె కాసేపు ఆ వెలుగు వైపు ముఖం పెట్టి కూర్చుంది. తర్వాత నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"మనది కనబడుతాందా బిడ్డా?"

సీతమ్మ భుజం మీద, దండ పక్కన, నా వంకర అంచు బయటికే ఉంది.

"కనబడుతాంది అత్తమ్మా."

"అందరికా?"

"అందరికి" అన్నాను. అందరి ముందూ ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఈసారి నాకు నోరు వచ్చింది.