దువ్వెన మేస్త్రీ బోర్డు

మా ఫెజ్ పాత ఊళ్లో బెన్నాసర్ మేస్త్రీ కొట్టుకి పేరు రాసిన బోర్డు లేదు. గుమ్మం పైన, సందులోకి పొడుచుకొచ్చి, మూరెడు కొమ్ము దువ్వెన వేలాడుతుంటుంది. వాళ్ల నాన్న ఎద్దు కొమ్ములు అతికించి చేసింది. కొండ ఊళ్ల ఆడవాళ్లు అక్షరాలు రాకపోయినా దాన్ని చూసి వచ్చేస్తారు. నలభై ఏళ్లుగా దాని కిందే కూర్చుని దువ్వెనలు చేస్తున్న మనిషి మేస్త్రీ. నోరు విప్పడమే గగనం.

ఈమధ్య కొత్త రూలొకటి వచ్చింది. వేలాడే బోర్డు ఏదైనా నేలకి రెండున్నర మీటర్ల ఎత్తున ఉండాలట, బరువుతో పోయే కంచరగాడిదలకి తగలకుండా. లేకపోతే పీకేస్తారు. ఎదురుగా చెప్పుల కొట్టు నాదే కాబట్టి నేనే కొలిచాను. జానెడు తక్కువ! పైకి జరుపుదామంటే దూలం అడ్డం. పీకితే ఎండిన కొమ్ము ముక్కలైపోతుంది. మేస్త్రీకి రెండు రోజులు ముద్ద దిగలేదు.

నాకు ఒళ్లు మండింది.

"బోర్డు పైకి పోదా? అయితే నేలనే కిందికి దించుదాం మేస్త్రీ!"

తెల్లారగానే ఇద్దరం గునపాలతో గుమ్మం ముందు రాతి పలకలు లేపి, కింది ఇసుకంతా తోడేశాం. ఇంత తెలివి మా సందువాళ్లకి తప్ప ఇంకెవరికి వస్తుంది!

పది గంటలకి బోర్డులు కొలిచే ఇన్‌స్పెక్టరమ్మ సిహామ్ వచ్చింది. గుంట చూసి నడుం మీద చెయ్యేసుకుంది.

"వీధి తవ్విందెవరు?"

"ఎలుకలమ్మా," అన్నాను.

"గునపాలు పట్టుకునే ఎలుకలా?"

మేస్త్రీ మొహం పాలిపోయింది. "తప్పు నాదేనమ్మా. జరిమానా వెయ్యండి, కడతాను. దువ్వెన మాత్రం దించకండి."

ఆవిడ గుంట పక్కన కూర్చుని, మిగిలిన ఇసుక చేత్తో తుడిచింది. అడుగున అరిగి నున్నబడిన గులకరాళ్ల వరస బయటపడింది.

"అసలు వీధి ఇదీ! పలకలు మొన్నమొన్న పరిచినవి. పాత బోర్డుల్ని పాత నేల నుంచే కొలవాలని మా రూల్లోనే ఉంది," అంటూ టేపు పైకి సాచింది. రెండున్నర మీటర్ల మీద ఇంకా రెండు వేళ్లు.

"దువ్వెన ఉండనివ్వండి. సాయంత్రంలోగా పలకలు పరిచెయ్యాలి, ఇద్దరూ," అని నావైపు గుర్రుగా చూసి వెళ్లిపోయింది.

హమ్మయ్య అనుకుంటూ అరుగు మీద కూలబడ్డాను. మేస్త్రీ ఫోన్ తీసి భార్య తాముకి చేశాడు. దువ్వెన దించేస్తే ఇక కొట్టే తెరవనని పొద్దున ఆవిడకి చెప్పి వచ్చాడట. నాకు ఆ మాటే చెప్పలేదు, మొండి మనిషి.

"ఏమేవ్ తామూ," అన్నాడు, "రేపు కూడా నాకు రొట్టె కట్టివ్వాలి."