నా డిటెక్టివ్ గుండెనొప్పి

నా అంత తెలివితక్కువవాడు కడపలో ఇంకొకడు ఉన్నాడేమో గానీ, నాకైతే తారసపడలేదు. ఆదివారం అనుబంధంలో డిటెక్టివ్ సీరియల్ రాస్తూ ఏళ్ల తరబడి హంతకులను పట్టిస్తున్నవాణ్ణి, పక్కన నడిచే మనిషి మనసులో ఏముందో పట్టుకోలేకపోయాను.

నా డిటెక్టివూ నేనూ కలిసే ముసలివాళ్లమయ్యాం. పంపకంలో మాత్రం నేనే మోసపోయాను. నిటారు నడుమూ మెలితిప్పిన మీసమూ అతనికి రాసిచ్చి, మోకాళ్ల నొప్పులు నేనుంచుకున్నాను. పోయినేడు నాకు గుండెలో స్టెంట్ వేశాక, ఆ బాధలో అయినా వాటా పంచుదామని సీరియల్లో అతణ్ణి ఛాతీ పట్టుకుని కూలబడేలా రాశాను.

“ఇంక చంపేయండి సార్, ముసలాయన్ని ఎవరు చదువుతారు?” అన్నాడు సంపాదకుడు.

ఎవరు చదువుతారో నాకూ తెలియదు. ఆ వారం నుంచే, పొద్దున స్కూలు గ్రౌండులో నడిచే రిటైర్డ్ నర్సమ్మ నా కుంటినడకతో అడుగు కలిపింది. పత్తికొండ మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. ఫ్లాస్కులో రాగి అంబలి తెచ్చి సగం నాకు పోసేది. ఆరా తీయడమే నా వృత్తి. అప్పుడే తీసి ఉంటే ఈ ఆరాటం తప్పేది. తీయలేదు. నెరిసిన నా మీసానికి రంగు కొన్నాను.

ఒకరోజు మెల్లగా అడిగింది: “ఏమప్పా, గుండె ఎట్లుండాది?”

“శానా నయం. ఇప్పట్లో ఢోకా లేదన్నాడు డాక్టరు.”

“నీది కాదప్పా! నీ సీరియల్లో ఆయప్పది. సంపుతాండావా ఏంది?” ఆమె కళ్లలో నిజంగానే నీళ్లు. “ఆ మీసము, ఆ నడక... అట్లాంటి మొగోడు యాడుండాడు చెప్పు?”

ఈడే ఉన్నాడని చెప్పబోయి, గ్లాసులో మిగిలిన అంబలి తాగేశాను.

ఇంటికొచ్చి కసిగా అతణ్ణి చంపడానికే కూర్చున్నాను. విషమా, లారీయా అని తేల్చుకునేలోపు భయం పట్టుకుంది. బతికున్నప్పుడే నన్ను ఓడించినవాడు, ఫొటోకు దండ పడ్డాక ఓడిపోతాడా? ఆమె మనసులోంచి ఇక జన్మలో కదలడు.

అందుకని బతికించాను. ఆసుపత్రి నుంచి తిన్నగా రాజంపేట తీసుకెళ్లి, ఒక గయ్యాళి విధవరాలితో పెళ్లి చేశాను. ఆమె పెట్టిన మొదటి షరతు, మీసం తీసేయాలి. మారుమాట లేకుండా తీసేశాడు.

సోమవారం గ్రౌండులో నర్సమ్మ మండిపడింది.

“థూ, పెండ్లాం చెప్పిందని మీసం తీసేస్తాడా? ఆయప్పా ఇంతేనా!”

అంబలి మొత్తం నా గ్లాసులోకే వంపింది. నేను మర్యాదగా నా మీసం దువ్వుకున్నాను. వేళ్లకు రంగు అంటింది, చెయ్యి జేబులో దాచుకున్నాను.