వరహాలు కుడికాలు

గోల్ఫ్ క్లబ్బులో ఇరవై ఆరేళ్లుగా పెద్దమనుషుల కర్రల సంచులు మోసిన వరహాలుకి ఇప్పుడున్నది ఒకటే కోరిక, కూర్చోవాలని. కుడి మోకాలు అరిగిపోయింది. అలా సంచులు మోసే క్యాడీలకి పని పంచే మేస్త్రీ కుర్చీ ఈ నెలాఖరుకి ఖాళీ అవుతోంది. నీడపట్టున బల్ల, ఫ్యాను, ఒక రిజిస్టరు. రోజూ మోకాలికి నూనె రాస్తూ ఆ కుర్చీ సంగతేమైందని భార్య కాశమ్మ అడుగుతూనే ఉంది. అది ఎవరికివ్వాలో తేల్చేది కమిటీ పెద్ద దేవీప్రసాద్ గారు. ఆరేళ్లుగా వరహాలు మోస్తున్నది ఆయన సంచీనే.

పరవాడలో మందుల ఫ్యాక్టరీ ఉన్న మనిషి. మాట మెత్తన. బంతి మాత్రం పదిసార్లు కొడితే ఏడుసార్లు కుడివైపు సరుగుడు తోపులోకి పోతుంది. తనకి దూరపు చూపు ఆనదని ఆయనే అంటుంటారు. కొట్టగానే వరహాలు ముందుకి పరుగెత్తి, తోపులో పడ్డ బంతిని కాలితో పచ్చిక మీదకి తోసి, దొరికిందని చెయ్యి ఊపుతాడు. మొదటిసారి ఆ పని చేసింది ఆయన మొహం చిన్నబోతే చూడలేక. జాలిపడి చేసిన పాడుపని! తర్వాత అదే అసలు ఉద్యోగమై కూర్చుంది.

ఆ శనివారం పొద్దున్న ద్వారకా నగర్ నుంచి దుకాణదారు రెండు కొత్త డ్రైవర్లు తెచ్చాడు. డ్రైవరంటే తొలి దెబ్బకి వాడే పెద్ద తల కర్ర. ఒకటి బంతిని ఇరవై గజాలు ఎక్కువ పంపుతుంది, కాకపోతే దెబ్బ నట్టనడుమ తగలాలి. రెండోది అంత దూరం పంపదు గానీ, దెబ్బ పక్కన తగిలినా క్షమించి బంతిని దారిలో ఉంచుతుంది. ఏది కొనాలో నువ్వే చెప్పమన్నారు దేవీప్రసాద్ గారు.

వరహాలు రెండోది గట్టిగా పట్టుకున్నాడు. తను కుర్చీలో కూర్చున్న మర్నాడే ఈ సంచీ ఇంకొకరి భుజానికెక్కుతుంది. వాళ్లు తోయరు. వారం తిరక్కుండా బండారం బయటపడుతుంది. ఈ కర్ర ఉంటే ఆయన పరువూ, తన కుర్చీ రెండూ నిలుస్తాయి. ఇదే తీసుకోమన్నాడు.

ఆయన నొచ్చుకున్నారు. సూటిగా కొట్టేవాడికి అదెందుకన్నారు. తన బంతి ఏనాడైనా దారి తప్పిందా అని దుకాణదారు ముందే అడిగారు.

తప్పిందంటే ఆరేళ్ల మోసం ఒప్పుకున్నట్టు, లేదంటే ఆ దూరం కొట్టే కర్రే కొంటారు. వరహాలుకి ఎటూ పాలుపోలేదు. దుకాణదారు కారు దాకా వెళ్లేవరకూ ఆగాడు.

"మీ బంతి తోపులోకే ఎలిపోతాది బాబూ. ఆరేళ్లబట్టి నానే కాలితో ఇవతలికి తోసెత్తన్నాను. ఇంక నావల్ల అవట్లేదు."

దేవీప్రసాద్ గారికి కోపం రాలేదు. ఆశ్చర్యమూ కలగలేదు. దూరం కొట్టే కర్ర తీసి సంచీలో పెట్టారు.

"తెలుసు వరహాలూ. ఆ కుర్చీ కొత్త క్యాడీ సాయిశంకర్‌కి ఇమ్మని నిన్ననే రాసిచ్చాను. నువ్వెళ్లి కూర్చుంటే నాకెవరు తోస్తారు?"

ఆప్యాయంగా భుజం తట్టి ముందుకి నడిచారు. వరహాలుకి ఏడుపొచ్చింది, కానీ సంచీ ఎత్తుకున్నాడు. కొత్త కర్రతో మొదటి దెబ్బకే బంతి కుడివైపు తోపులోకి, ఎప్పుడూ పడేచోటికి ఇరవై గజాలు అవతలికి పోయింది. ఆయన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎటు పోయిందో కనబడలేదన్నారు.

వరహాలు కుంటుకుంటూ పరుగెత్తాడు.