గాలి జరిపిన గీత

గాలిని పుట్టించి, ఆ గాలి చేత నీళ్ళను నడిపించే నారాయణుడికి ముందుగా నా దండాలు. ఆయన సముద్రాన్ని చూపు తగ్గాక కూడా చదవగలిగిన మనిషి మా మావ, నా భార్య తండ్రి.

మాది ఉద్దానం తీరంలో ఓ చిన్న పల్లె. శనివారాలు భజన మందిరంలో పురాణం చదివేవాడిని. మిగతా రోజులు మావ పడవలో వేటకు వెళ్ళేవాడిని. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. పడవకు ఇంజను కొత్త. మేము వెతికేది ఒక గీతను. ఒడ్డువైపు పచ్చనీళ్ళు, అవతలి నీలినీళ్ళు కలిసేచోట నురగ, ఒడ్డునుంచి కొట్టుకుపోయిన చెత్తతో కలిసి బారుగా తేలుతుంది. దాని కింద చిన్న చేపలు మూగుతాయి, వాటికోసం కోనాలనే పెద్ద చేపలు వస్తాయి.

ఓ ఏడు మావ కళ్ళకు పొర కమ్మింది. ఇక ఒడ్డునే ఉండమని ఆయన కొడుకు, నా బావమరిది, పట్టుబట్టాడు.

"ఇయ్యాల గీత సూపించు అయ్యా. లేపోతే రేపట్నుంచి వలలు కుట్టుకో."

"నువ్వు సింపిన వలలు కుట్టడానికి ఓ జన్మ సాల్దురా," అన్నాడు మావ. కానీ పడవ ఎక్కేటప్పుడు ఆయన చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

మహేంద్రగిరి శిఖరం, ఒడ్డున తాటితోపు ఒకే వరసలోకి వచ్చినచోట బావమరిది ఇంజను ఆపాడు. కిందటి వారం గీత దొరికింది అక్కడే. ఇప్పుడు ఎటు చూసినా పచ్చనీళ్ళే.

మావ నీళ్ళలో చెయ్యి ముంచాడు. "సల్లగుంది. మూడ్రోజులు నైరుతి గాలి తోసింది కాదేటి? పైనీరు నడిసంద్రం కేసి ఎల్లిపోనాది, కిందనుంచి సన్నీరు లేచింది. గీత కూడా అడుగు తెగి పెద్దలోతు మొదలయ్యే కాడికేసి జరిగుంటాది. కొండ కదల్దురా, గీత కదుల్తాది."

"బావా, మీ మావకి నీరు కబుర్లు సెప్తంది," అని బావమరిది నవ్వాడు.

నేను గోవిందా అనుకుని ఇంజను తిప్పాను. తూర్పుకు పోయాం. కొండ గోరంత అయ్యింది. మావ చెయ్యి నీళ్ళలోంచి తియ్యలేదు. మందిరంలో పురాణం వినేటప్పుడు ఎలా కళ్ళు మూసుకునేవాడో అలాగే కూర్చున్నాడు.

"ఆపు! గోరెచ్చగా తగిలింది. నురగుందా అల్లుడా?"

ఉంది. తెల్లగా, వంకరగా, కనుచూపు మేర. దాని మీద పిట్టలు.

"కొబ్బరి పీచు తేల్తందా?"

"తేల్తంది మావా."

"అయితే మనూరిదే," అని నవ్వాడు. బావమరిది గేలం వదిలాడు. కాసేపటికి తాడు బిగిసింది.

మర్నాడు పొద్దున్నే అన్నం గిన్నె చేత్తో పట్టుకుని మావ గుమ్మం ముందు నిలబడింది బావమరిదే. "ఎంతసేపు అయ్యా? గాలి తిరిగిపోతంది, రా!"

ఇది చదివే మీరు కూడా నాతో ఒక్క క్షణం చేతులు జోడించండి. స్వామీ, గాలి గీతను ఎంత దూరం జరిపినా, దాన్ని వెతుక్కుంటూ పోయినవాళ్ళను మళ్ళీ ఒడ్డుకు చేర్చు.